మన బుర్రలో పుట్టినదానికి మన పేరే ఉండాలి: పేటెంట్ గురించి నా మాట

పోస్టు పొడుగ్గా ఉంటుంది, తీరిక చేసుకొని చదవండి. ఐటీఐ, డిప్లొమా, బీటెక్ చదివే పిల్లోళ్లు మాత్రం కడదాకా చదవాల.

తొలకరి పడితే వజ్రకరూరు చేలల్లోకి యాడాడి జనమో వచ్చి తల వంచుకొని వజ్రాల కోసం వెతకడం మనకు కొత్త కాదు. ఇక్కడి నేల కింద కింబర్లైట్ పైపులు ఉన్నాయని జియొలాజికల్ సర్వే వాళ్లు ఎప్పుడో గుర్తించినారు. ఎవరికైనా రాయి దొరికితే గుట్టుగా వ్యాపారి చేతికి పోతుంది. దాని అసలు విలువ ఎంతో దొరికినోళ్లకు చాలాసార్లు తెలియనే తెలీదు. ఆ రాయి గురించి మనం ఎన్ని కథలైనా చెప్పుకుంటాం. మన తాండాల్లో, కాలనీల్లో పిల్లోళ్ల బుర్రల్లో పుట్టే ఉపాయాలకు కూడా ఒక విలువ ఉందని, దాన్ని కాపాడే చట్టం ఒకటి ఉందని మాత్రం మాట్లాడుకోము. ఈ పొద్దు దాని గురించే రాస్తున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఒకటి, మనలో ఎవరైనా కొత్త వస్తువు చేస్తే దాన్ని పదిమందికి చూపించక ముందే పేటెంట్ దరఖాస్తు వేయడం నేర్చుకోవాల. రెండు, మన అవ్వాతాతల నుంచి వచ్చిన తెలివికి పేటెంట్ పనికిరాదు, దానికి వేరే చట్టాలు ఉన్నాయి, అవి కూడా మనమే చదవాల. "పేటెంట్లు కంపెనీలోళ్ల పని, మనకెందుకప్పా" అని వదిలేస్తే రెండు పక్కలా నష్టపోయేది మనమే.

అసలు పేటెంట్ అంటే ఏంది?

ఇది ప్రభుత్వానికీ కనిపెట్టిన మనిషికీ మధ్య ఒప్పందం లాంటిది. నీ వస్తువు ఎట్లా పని చేస్తుందో, వేరేవాళ్లు చదివి చేసుకోగలిగేంత వివరంగా రాసి ఇవ్వాల. ఏమీ దాచకూడదు. దానికి బదులుగా, దరఖాస్తు వేసిన తేదీ నుంచి 20 ఏళ్ల వరకు నీ అనుమతి లేకుండా దాన్ని ఇంకొకరు తయారు చేయడానికి, అమ్మడానికి, వ్యాపారానికి వాడటానికి, బయటి దేశం నుంచి తెప్పించడానికి వీల్లేదు. 20 ఏళ్లు దాటితే అది అందరి సొత్తు. మన దేశంలో దీనికి 1970 నాటి పేటెంట్ల చట్టం ఉంది. ఇక్కడ వచ్చిన పేటెంట్ ఇక్కడే చెల్లుతుంది, వేరే దేశంలో కావాలంటే అక్కడ వేరేగా వేసుకోవాల.

మూడు పరీక్షలు పాసు కావాల. అది కొత్తదై ఉండాల, అంటే ప్రపంచంలో యాడా ముందే అచ్చయి గానీ వాడుకలో గానీ ఉండకూడదు. ఆ పని తెలిసిన మేస్త్రీ ఎవరైనా చూసి "ఇదేముంది, నేనైనా చేస్తా" అనేంత సులువైన మార్పు కాకూడదు. మూడోది, తయారు చేసి వాడుకునేదిగా ఉండాల, ఊరికే ఊహ అయితే చాలదు.

చట్టంలో 3వ సెక్షన్ వేటికి పేటెంట్ రాదో చెబుతుంది. ప్రకృతిలో ఉన్నదాన్ని కనుక్కుంటే రాదు. అంటే చేనులో దొరికిన వజ్రానికి రాదు, ఆ వజ్రాన్ని మట్టిలోంచి వేరు చేసే కొత్త యంత్రం చేస్తే దానికి రావచ్చు. సేద్యం చేసే పద్ధతికి రాదు. శెనక్కాయల మధ్య కందులు సాళ్లు వేసే పద్ధతికి అడిగితే ఇవ్వరు, ఆ సాళ్లు వేసే గొర్రులో నిజంగా కొత్త ఏర్పాటు చేస్తే దానికి అడగొచ్చు. విత్తనాలకు, మొక్కలకు, పశువులకు రాదు. కంప్యూటర్ ప్రోగ్రాంకు దానంతటదానికి రాదు, కాబట్టి మార్కెట్ ధరలు చూపించే యాప్ చేసిన తమ్ముళ్లు పేటెంట్ ఆశ పెట్టుకోవద్దు, కోడ్‌కు కాపీరైట్ ఉంటుంది. ఇంకోటి, మనకు బాగా ముఖ్యమైనది: సంప్రదాయంగా వస్తున్న జ్ఞానానికి పేటెంట్ రాదు. దీని సంగతి కింద రాస్తా.

మల్లేశం అన్న కథలో మనకు పనికొచ్చే ముక్క

చింతకింది మల్లేశం పేరు చాలామంది విన్నారు, 2019లో సినిమా కూడా వచ్చింది. ఆలేరు దగ్గర చేనేత కుటుంబం. 6వ తరగతితో చదువు ఆగిపోయింది. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాల. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు ఇటూ అటూ తిరగాల, నాలుగైదు గంటల పని. తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేక 1992లో యంత్రం పని మొదలుపెట్టి, 1999లో పూర్తి చేసినాడు. ఆ పని గంటన్నరకు వచ్చింది. దానికి తల్లి పేరు మీద లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టినాడు. పేటెంట్ వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

అందరూ దీన్ని పట్టుదల కథగా చెబుతారు. నేను చట్టం వైపు నుంచి చూడమంటున్నా. ఆసు పోయడం తరతరాల విద్య. దానికి ఎవరూ పేటెంట్ అడగలేరు, అడగకూడదు కూడా, అది ఆ కులవృత్తి వాళ్లందరిదీ. కానీ ఆ పనిని చేసే యంత్రం అంతకుముందు లేదు. కాబట్టి అది మల్లేశంది. పాత విద్యకూ కొత్త పనిముట్టుకూ మధ్య గీత యాడ పడుతుందో ఈ ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది. మన వృత్తుల్లో కూడా ఇదే గీత. ఎరుకలోళ్ల బుట్టల అల్లిక అందరిదీ. ఈత బద్దను చేతులు తెగకుండా ఒకే మందంగా చీల్చే కొత్త సాధనం ఎవరైనా చేస్తే అది చేసినోళ్లది.

ఇంకో సంగతి గమనించండి. 6వ తరగతి చదివిన మనిషికి పేటెంట్ వచ్చింది. చట్టం డిగ్రీ అడగదు.

దరఖాస్తు ఎట్లా వేయాల

ముందు వెతకాల. పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో, గూగుల్ పేటెంట్స్‌లో డబ్బు లేకుండా వెతకొచ్చు. నీ వస్తువు లాంటిది ముందే ఉంటే నీది దానికంటే యాడ వేరో రాసి పెట్టుకో. ఏమీ వేరు లేకపోతే అక్కడే ఆపేయ్, డబ్బు మిగులుతుంది.

రెండోది ప్రొవిజనల్ దరఖాస్తు. వస్తువు ఇంకా పూర్తి కాకపోయినా, ఉపాయం స్పష్టంగా ఉంటే దాని వివరం, బొమ్మలతో ముందు ఇది వేయొచ్చు. దీంతో నీకు ఒక తేదీ వస్తుంది. తర్వాత ఇంకొకరు అదే వేసినా ముందు తేదీ నీదే. అక్కడినుంచి 12 నెలల లోపల పూర్తి వివరాల దరఖాస్తు వేయాల. వేయకపోతే అది పోయినట్టే.

పూర్తి దరఖాస్తులో అసలు ప్రాణం క్లెయిములు. చేనుకు సర్వే రాళ్లు పాతినట్టు, నీ హక్కు యాడి నుంచి యాడి దాకా అనేది ఆ వాక్యాలే చెబుతాయి. రాళ్లు మరీ దగ్గరగా పాతితే పక్కోడు చిన్న మార్పు చేసి తప్పించుకుంటాడు. మరీ దూరంగా పాతితే ఇంకొకరి చేనులోకి పోయి కొట్టివేస్తారు. ఈ ఒక్క పనికి మాత్రం రిజిస్టర్డ్ పేటెంట్ ఏజెంట్ సాయం తీసుకోవడం మేలు. ఏజెంట్ లేకుండా సొంతంగా వేయడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది.

ఫీజులు చూడండి. సొంత పేరుతో ఆన్‌లైన్‌లో వేసేవాళ్లకు దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు. 30 పేజీలు, 10 క్లెయిములు దాటితే అదనం. పరీక్షించమని అడిగే ఫారం 18కి 4,000. అంటే ప్రభుత్వానికి కట్టేది మొదట్లో 5,600. ఏజెంట్ ఖర్చు వేరే. పెద్ద కంపెనీలకు ఇవే ఫీజులు చాలా ఎక్కువ. దరఖాస్తుదారుల్లో ఆడవాళ్లు ఒకరైనా ఉంటే ఫారం 18ఏ కింద తొందరగా పరీక్షించమని అడగొచ్చు, దానికి 8,000. చెల్లెళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

మన రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నై పేటెంట్ ఆఫీసే. అంతా ఆన్‌లైన్, చెన్నై పోవాల్సిన పని లేదు. మామూలుగా 18 నెలలకు దరఖాస్తును పత్రికలో ప్రచురిస్తారు. పరీక్ష కోసం 31 నెలల లోపల అడగాల, అడగకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. పరీక్షించే అధికారి అభ్యంతరాలు రాసి పంపుతాడు. ఇది చూసి చాలామంది భయపడి వదిలేస్తారు. భయపడొద్దు, దాదాపు అందరికీ అభ్యంతరాలు వస్తాయి. 6 నెలల లోపల జవాబు రాయాల. ఒప్పుకుంటే పేటెంట్ ఇస్తారు. ఇచ్చినాక 3వ ఏడు లెక్క నుంచి ఏటేటా ఫీజు కట్టి బతికించుకోవాల, మొదట్లో ఏడాదికి 800, పోను పోను పెరుగుతుంది.

డబ్బు లేనోళ్లకు దారి ఉందా అంటే ఉంది. 2000లో పెట్టిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ గుజరాత్‌లో ఉంది. పెద్ద చదువులు లేని రైతులు, మెకానిక్కులు, చేతివృత్తుల వాళ్లు చేసిన కొత్త వస్తువులను పరిశీలించి, పనికొచ్చేవాటికి వాళ్ల పేరు మీదే పేటెంట్ దరఖాస్తు వేయిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో పల్లె సృజన అనే సంస్థ ఊర్లు తిరిగి అట్లాంటోళ్లను వెతికి పట్టుకుంటుంది. హైస్కూల్ పిల్లలకు ఇన్‌స్పైర్ మానక్ ఉంది, ఎంపికైన ఉపాయానికి 10 వేల రూపాయలు ఇస్తారు. మన గురుకులాల నుంచి, ఆశ్రమ పాఠశాలల నుంచి ఎన్ని పేర్లు పోతున్నాయో అడిగే పని మనది.

మన పిల్లోళ్లు జాగ్రత్త పడాల్సిన మూడు చోట్లు

మొదటిది వీడియో. మోటార్‌ను ఫోన్‌తో ఆపే పరికరమో, డ్రిప్ పైపులు చుట్టే చక్రమో చేస్తాం. ఆ సాయంత్రమే యూట్యూబ్‌లో పెడతాం. లైకులు వస్తాయి. కానీ అందరికీ తెలిసిపోయిన వస్తువు చట్టం దృష్టిలో కొత్తది కాదు. నీ వీడియోనే నీ దరఖాస్తును కొట్టేస్తుంది. కాలేజీ ఎక్స్‌పోలు కూడా అంతే. చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనల వంటి వాటికే. వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. ముందు దరఖాస్తు, తర్వాత వీడియో.

రెండోది "పబ్లిష్" అనే మాట. "మా పేటెంట్ పబ్లిష్ అయ్యింది" అని స్టేటస్ పెట్టి స్వీట్లు పంచుతారు. ప్రచురణ అంటే దరఖాస్తు బయటపెట్టినారని మాత్రమే అర్థం, ఇంకా ఎవరూ పరీక్షించనే లేదు. మంజూరు అయితేనే పేటెంట్. సర్టిఫికెట్ ఆశ చూపించి వేలకు వేలు అడిగేవాళ్ల దగ్గర ఒక్కటే ప్రశ్న అడగండి: ఇది దరఖాస్తా, ప్రచురణా, మంజూరా? డిజైన్ రిజిస్ట్రేషన్‌ను కూడా పేటెంట్ అని చెబుతుంటారు. అది వస్తువు రూపానికే, పని చేసే తీరుకు కాదు.

మూడోది పేరు. ప్రాజెక్టు చేసేది మన పిల్ల, దరఖాస్తులో ముందు వరసలో పెద్దల పేర్లు. కనిపెట్టిన మనిషి పేరు ఆవిష్కర్తగా ఉండడం చట్టం ఇచ్చిన హక్కు. యాజమాన్య హక్కు కూడా, రాసి ఇవ్వనంత వరకు కనిపెట్టినోళ్లదే. కాబట్టి చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. నిజంగా ఉపాయం చెప్పిన సార్ పేరు ఉండాల్సిందే, అది కూడా న్యాయమే. ఏ పనీ చేయని పేరు మాత్రం ఎవరిదైనా ఉండకూడదు.

"పేటెంట్ వస్తే డబ్బు వస్తుందా?"

రాదు, దానంతటది రాదు. ఇది దాచిపెట్టి ఆశ చూపించడం నాకిష్టం లేదు. పేటెంట్ అనేది పట్టా కాగితం. పట్టా ఉంటే పంట పండినట్టు కాదు. వస్తువును తయారు చేసి అమ్మాల, లేదా తయారు చేసే కంపెనీకి లైసెన్సు ఇవ్వాల. ఎవరైనా కాపీ కొడితే ప్రభుత్వం వచ్చి ఆపదు, మనమే కోర్టుకు పోవాల. అది ఖర్చుతో కూడిన పని. అమ్ముడుపోయే అవకాశం లేని వస్తువుకు పేటెంట్ కోసం అప్పు చేయడం తప్పని నేను గట్టిగా చెబుతా. కొన్ని ఉపాయాలను ఊరికే అందరికీ పంచడమే మేలు, కరువు సీమలో నీళ్లు ఆదా చేసే చిన్న చిట్కా పది ఊర్లకు పాకితే అంతకంటే ఏం కావాల. కానీ పంచాలా, దాచాలా, అమ్మాలా అనేది మనమే తేల్చుకోవాల. తెలియక పోగొట్టుకోవడం వేరు, తెలిసి పంచడం వేరు.

అవ్వాతాతల తెలివి సంగతి

1995లో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీకి చెందిన వైద్య కేంద్రానికి పసుపుతో గాయాలు మాన్పడం మీద పేటెంట్ ఇచ్చినారు. మన అమ్మలు వంటింట్లో చేసే పని! మన సీఎస్ఐఆర్ సంస్థ పోరాడితే 1997లో రద్దయ్యింది. ఎట్లా గెలిచినారు? పాత గ్రంథాలు, అచ్చయిన వ్యాసాలు చూపించి. అప్పటి అమెరికా చట్టంలో బయటి దేశంలో నోటిమాటగా ఉన్న వాడుక లెక్కలోకి రాదు, రాతే కావాల.

ఇక్కడే నాకు దిగులు. పసుపుకు సంస్కృత గ్రంథం ఉంది. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. ఎరుకల భాషకూ అదే పరిస్థితి. మన ముసలోళ్లకు తెలిసిన ఆకు, వేరు, పశువుల వైద్యం యాడా రాసి లేదు. వాళ్లతోపాటు కాటికి పోతాంది. ఎవరైనా వచ్చి రాసుకొని పోతే వాళ్లదే మొదటి రాత.

కేరళలో కాణి గిరిజనుల సంగతి వినండి. 1987లో అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలకు దారి చూపించిన కాణి మనుషులు అలుపు రాకుండా ఒక మొక్క కాయలు తినేవాళ్లు. దాని పేరు ఆరోగ్యపచ్చ. ఆ మొక్కతో తిరువనంతపురంలోని ఉష్ణమండల వృక్షోద్యానం వాళ్లు జీవని అనే మందు తయారు చేసి, 1995లో కోయంబత్తూరు కంపెనీకి 10 లక్షల ఫీజు, 2 శాతం రాయల్టీ మీద ఇచ్చినారు. వచ్చినదాంట్లో సగం కాణీలకు ఇవ్వాలని ఒప్పుకొని, 1997లో వాళ్ల పేరు మీద ట్రస్టు ఏర్పడింది. ప్రపంచమంతా దీన్ని మంచి ఉదాహరణగా చెప్పుకుంది. సగమైనా వచ్చింది, నిజమే. కానీ ఒప్పందం రాసేటప్పుడు బల్ల దగ్గర కాణీలు లేరు. మనం ఆ బల్ల దగ్గర ఉండాల, చదువుకున్నది అందుకే కదా.

ఆ తర్వాత చట్టాలు కొంత మారినాయి. పేటెంట్ల చట్టం 25వ సెక్షన్ ప్రకారం, దరఖాస్తు ప్రచురించినాక పేటెంట్ ఇవ్వక ముందు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఆ అభ్యంతరాల్లో ఒకటి ఏందంటే, ఈ జ్ఞానం స్థానిక లేక ఆదివాసీ సమాజంలో నోటిమాటగానైనా ముందే ఉంది అనేది. మళ్లీ చదవండి: నోటిమాటగానైనా. అంటే మన అవ్వ మాట కూడా ఈ దేశంలో చట్టబద్ధమైన ఆధారం. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం మన జీవవనరుల మీద, వాటి జ్ఞానం మీద ఆధారపడిన ఆవిష్కరణకు పేటెంట్ కావాలంటే జాతీయ జీవవైవిధ్య సంస్థ దగ్గరికి పోవాల. ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాల, అది ప్రజలతో కలిసి రిజిస్టరు రాయాల. మన పంచాయతీలో ఆ కమిటీ ఉందా, ఉంటే ఆ రిజిస్టరులో తాండా మనిషి మాట ఒక్కటైనా ఉందా? ఇది సర్పంచును అడగాల్సిన ప్రశ్న.

చేతిపనికి ఇంకో దారి ఉంది, జీఐ అంటే భౌగోళిక గుర్తింపు. మనకు దగ్గర్లోనే, బళ్లారి పక్క సండూరులో మన గోర్ అక్కల సూదిపనికి 2010లో సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీ పేరుతో జీఐ వచ్చింది. అది ఒక్కరిది కాదు, ఆ ప్రాంతంలో ఆ పని చేసేవాళ్లందరిది. పదేళ్లకోసారి పునరుద్ధరించుకుంటూ పోవచ్చు. అద్దాలు, గవ్వలు కుట్టే అదే చెయ్యి అనంతపురం తాండాల్లోనూ ఉంది. మన పక్క ఆ పని ఎందుకు జరగలేదో ఆలోచించండి.

మరి ఏం చేద్దాం?

పెద్ద పెద్ద మాటలు వద్దు. మూడు పనులు చాలు. మన గ్రూపులో ఉన్న ఇంజనీరింగ్, లా చదివే పదిమంది కలిసి పేటెంట్ వెతకడం, ప్రొవిజనల్ దరఖాస్తు రాయడం నేర్చుకుందాం, తర్వాత తమ్ముళ్లకు నేర్పిద్దాం. సైన్సు, ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నోళ్లు పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయొచ్చు, మనోడే ఏజెంట్ అయితే మన భాషలో మన పిల్లోళ్ల మాట వింటాడు. రెండు, సెలవులకు ఇంటికి పోయినప్పుడు ముసలోళ్ల దగ్గర కూర్చొని వాళ్లు చెప్పింది, తేదీతో, వాళ్ల ఒప్పుదలతో రికార్డు చేసి భద్రంగా పెట్టుకుందాం. వాట్సాప్‌లో తిప్పొద్దు, బయటివాళ్లకు ఇవ్వొద్దు, రిజిస్టరులో ఏది రాయాలో తాండా పెద్దలతో కూర్చొని తేల్చుకుందాం. మూడు, పంచాయతీ జీవవైవిధ్య కమిటీ గురించి సమాచార హక్కు కింద ఒక్కో మండలం నుంచి ఒక్కో దరఖాస్తు వేద్దాం.

ఉపాయం ఉన్నోళ్లు దాన్ని గ్రూపులో రాయొద్దు, గుర్తుంది కదా! "నా దగ్గర ఒకటి ఉంది" అని మాత్రం చెప్పండి. మిగతాది దరఖాస్తు వేసినాక మాట్లాడుకుందాం.